మూడో వాక్యం

నాకు ముక్కు మీద కోపం, ముందే చెప్పేస్తున్నాను. ఇది చెప్తుంటే మధ్యలో నా గొంతు పెరుగుతుంది, తగ్గించమంటే తగ్గించలేను. నిన్న పొద్దున పది గంటల నుంచి పదకొండున్నర దాకా జరిగిందంతా ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు ఉండబట్టడం లేదు. అక్కకు ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను. ఐదోసారి మొదలుపెట్టేసరికి బావ "మరదలా, నాకు బయట పనుంది" అంటూ ఆ వానలోనే గొడుగు లేకుండా వెళ్ళిపోయాడు. పోతే పోనీ.

నేను వరద సహాయం చేసే సంస్థలో ఫోన్ల దగ్గర పనిచేస్తాను. నది పొంగి వీధుల్లోకి వచ్చినప్పుడు, ఇళ్ళలో చిక్కుకున్నవాళ్ళు మాకు ఫోను చేస్తారు. మేము బోటు పంపుతాం. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడండి. మాకున్న బోట్లు మూడు. ఒక్క పూటలో వచ్చే ఫోన్లు మూడొందలు.

అందుకని ప్రతి ఫోను పక్కనా లామినేషన్ చేసిన కాగితం ఒకటి అతికించి ఉంటుంది. అందులో ఐదు వాక్యాలు. మీరెక్కడున్నారు. ఎంతమంది ఉన్నారు. బోటు బయలుదేరింది, మీరు ఉన్నచోటే ఉండండి. ఫోనులో ఛార్జింగు కాపాడుకోండి. మళ్ళీ మేమే చేస్తాం. అంతే. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఈ ఐదూ నవ్వు ముఖంతో వల్లె వేయిస్తారు, నవ్వితే ఆ నవ్వు గొంతులో వినిపిస్తుందట. వీటిలో మూడోది ఉంది చూశారూ, అది బోటు బయలుదేరినా చెప్పాలి, బయలుదేరకపోయినా చెప్పాలి. రాసింది మా పెద్దాయన. సంస్థను నడిపేది ఆయనే. ఎదురుగా సార్ అంటాం, వెనక పెద్దాయన అంటాం. బోటు లేదని చెప్తే జనం కంగారుపడి నీళ్ళలోకి దూకుతారని ఆయన వాదన. ఎవరైనా నోరెత్తితే చూపుడువేలు ఎత్తి, "మూడోది మారదు" అనేవాడు. అక్కడితో సరి.

పోయినేడు వరదలో నాకు ఒక ఇస్త్రీ ఆయన ఫోను చేశాడు. గొంతు నెమ్మదిగా ఉంది. "మేడమ్, మోకాళ్ళదాకా వచ్చాయి. ఎదురుగా పెద్ద మేడ ఉంది, ఇరవై అంగలు వేస్తే చాలు. అటు వెళ్ళిపోనా?" అని అడిగాడు. అప్పటికి నేను తొమ్మిది గంటలుగా ఫోన్లు ఎత్తుతున్నాను. వేలు కాగితం మీద మూడో వాక్యం దగ్గరుంది. చదివేశాను. బోటు బయలుదేరింది, మీరు ఉన్నచోటే ఉండండి. "సరేనమ్మా, మీరు చెప్పారుగా" అన్నాడు. బోటు బయలుదేరలేదు. రెండు గంటల నలభై నిమిషాల తర్వాత వెళ్ళింది. జనం ఇస్త్రీకి ఇచ్చిన బట్టల మూటలన్నీ అటక మీద చుక్క తడవకుండా ఉన్నాయట. ఆయన మాత్రం లేడు.

తర్వాత విచారణ జరిగింది. ఒక్కో ఫోనుకూ నేను నింపే కాగితంలో ఐదు వాక్యాలకూ ఐదు టిక్కులున్నాయి, కాబట్టి నా తప్పేమీ లేదని తేల్చారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ వరదలో బాగా పనిచేసినవాళ్ళకు ప్రశంసా పత్రాలిస్తూ నాకూ ఒకటి ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వేదిక మీద నిలబడి నవ్వాను కూడా, నవ్వడం అలవాటు చేశారు కదా. ఆ ఇస్త్రీ ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఏ కాగితంలోనూ లేదు. మా ఫోన్లలో మాటలు రికార్డు కావు, నేను నింపే కాగితంలో అలాంటి ప్రశ్నకు గడి లేదు. నేను ఎవరికీ చెప్పలేదు. అక్కకు కూడా.

ఆ మర్నాటి నుంచి నేను ఫోను ఎత్తలేకపోయాను. చెయ్యి దాని మీదికి వెళ్ళేది, అక్కడే ఆగిపోయేది. గోదాములో వేయండి సార్ అని అడిగి, పది నెలలు దుప్పట్లు మడతపెట్టాను. దుప్పట్లతో ఒక సుఖం ఉంది, అవి మనల్ని ఏమీ అడగవు.

సంస్థ నన్ను పట్టించుకోలేదని అనను. పది రోజులు సెలవిచ్చారు. గాలి పీల్చి వదలడం ఎలాగో నేర్పడానికి ఒకతన్ని పంపారు. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే కదా అని అతన్ని కసురుకున్నాను. ప్రతి గురువారం మనసు డాక్టరమ్మ వచ్చేది. ఆవిడ మాత్రం మంచిది. ఒకరోజు నేను నింపిన ఫారం పక్కన పెట్టేసి అంది, "చూడండి, అలసటైతే నిద్రతో పోతుంది. భయమైతే నెమ్మదిగా తగ్గుతుంది. మీది ఆ రెండూ కాదు. మీ మనసుకు తప్పనిపించిన పనేదో మీ చేత్తోనే జరిగింది. లోకం దాన్ని మెచ్చుకుంది. అదేమిటో మీరు చెప్పనంత కాలం నేను పైపైన మందు రాస్తూ ఉంటాను, అంతే."

"అబ్బే, అలాంటిదేం లేదండీ, కొంచెం నిద్ర సరిగా పట్టట్లేదు" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి "సరే" అంది. ఆ సరే నాకు రోజంతా గుచ్చుకుంది.

ఇక నిన్నటి సంగతి. మూడు రోజుల వాన, నది మళ్ళీ పొంగింది. ఫోన్ల దగ్గర ఉండే ఇద్దరికి జ్వరం. పెద్దాయన స్వయంగా గోదాముకు వచ్చాడు, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి.

"అమ్మాయ్, కుర్చీ ఖాళీగా ఉంది."

"మూడో వాక్యం తీసేస్తే కూర్చుంటాను సార్."

"తీయను."

"అయితే కూర్చోను."

ఆయన వెళ్ళిపోయాడు. నేను దుప్పటి ఒకటి తీసి మడతపెట్టాను. విప్పి మళ్ళీ మడతపెట్టాను. గోడ అవతల ఫోను మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఆగింది. మళ్ళీ మోగింది. మూడోసారి మోగేసరికి నేను ఫోన్ల గదిలో ఉన్నాను. ఎలా వచ్చానంటే నాకే తెలియదు, మడతపెట్టిన దుప్పటి కూడా చేతిలోనే ఉంది.

ఒక ఫోనులో మాట్లాడుతుంటే వచ్చే మిగతా ఫోన్లు పక్క ఊళ్ళోని మా శాఖకు వెళ్తాయి. గదిలో నాతో కలిపి నలుగురం. గోడ మీది పెద్ద పటంలో బోట్లెక్కడున్నాయో బిళ్ళలు జరిపే లెక్కలాయన. పెద్దాయన. గురువారం కాబట్టి డాక్టరమ్మ, ఒక మూల ఫారాల కట్టతో. మొదటి ఐదారు ఫోన్లు నాకు కలిసొచ్చాయి, అన్నీ బోట్లకు దగ్గరి వీధులు. లెక్కలాయనతో ఒక మాట అనుకుని, నిజంగా బయలుదేరాకే బయలుదేరిందని చెప్పాను. పని నడుస్తోంది. పదిన్నరకు ఆ ఫోను వచ్చింది.

"ఏమండీ, నేను పల్లపు వీధి దర్జీని. నేనూ, మా మామగారూ ఉన్నాం. మా ఆయన లారీ మీద వెళ్ళాడు, ఎక్కడున్నాడో తెలీదు. మామగారికి తుంటి విరిగి నాలుగు నెలలైంది, మంచం దిగలేరు. దుకాణంలోకి నీళ్ళొచ్చేశాయి. బోటు పంపుతారా?"

నేను లెక్కలాయన వైపు చూశాను. ఆయన పటం మీద చూపించాడు. రెండు బోట్లు ఆసుపత్రి దగ్గర రోగుల్ని దింపుతున్నాయి. మూడోది వంతెన అవతల. గాలిలో వేలితో రాశాడు, తొంభై నిమిషాలు. పెద్దాయన నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఆయన చూపుడువేలు వచ్చి కాగితం మీద మూడో వాక్యం కింద ఆగింది.

ఈ కుర్చీలోనే కూర్చుని ఒక మనిషిని ఇంట్లో కూర్చోబెట్టాను. ఇప్పుడు ఈ దర్జీని కదలమంటే, ఆమె దారిలో కొట్టుకుపోతే, అది కూడా నా మాట వల్లే అవుతుంది. ఈసారి ఐదు టిక్కులు కూడా ఉండవు నన్ను కాపాడడానికి.

"అమ్మా," అన్నాను, "బోటు లేదు. గంటన్నర పడుతుంది. నేను నీకు అబద్ధం చెప్పను."

వెనక నుంచి పెద్దాయన, "మూడోది చదువు" అన్నాడు.

ఫోను నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "చదవను సార్" అన్నాను.

"అయితే లే."

"లేవను."

ఆయన ముఖం ఎర్రబడింది. నాకు పట్టలేదు. చెయ్యి తీసి అడిగాను, "అమ్మా, నేను ఫోను పెట్టెయ్యను, ఇక్కడే ఉంటాను. నీళ్ళెంత ఉన్నాయి?"

"మోకాలికి కొంచెం..." అని ఆగింది. "ఉండండి." ఏదో లాగిన చప్పుడు. "పదకొండంగుళాలు, దుకాణం లోపల. గుమ్మానికి టేపు గుచ్చాను."

టేపు! నా గుండె ఎగిరి గంతేసింది. ఇన్నేళ్ళలో నాకు ఎవరూ నీళ్ళను అంగుళాల్లో చెప్పలేదు. నడుమంటారు, పీకలంటారు, కొంపలు మునిగాయంటారు. ఈమె దర్జీ కాబట్టి కొలిచి చెప్పింది.

"వీధి నీ దుకాణం కన్నా ఎంత కింద?"

"రెండు మెట్లు. ఒక్కోటి ఆరంగుళాలు. నేనే కట్టించాను."

లెక్కలాయన అప్పటికే కాగితం తీశాడు. పదకొండూ పన్నెండూ, వీధిలో ఇరవై మూడు. ఐదు నిమిషాలాగి మళ్ళీ చూడమన్నాను. ఆ ఐదు నిమిషాలూ ఆమె మాట్లాడుతూనే ఉంది. ఎదురుగా కళ్ళజోళ్ళ దుకాణం, దాని పైన రెండంతస్తులు, బయటి నుంచే మెట్లు. దూరం పదహారు అంగలు, రోజూ నడిచేదేనట. మామగారు మంచం మీంచి అరుస్తున్నాడు, "నువ్వు వెళ్ళవే, నన్నొదిలెయ్. నా బతుకెంత, నీ బతుకెంత." ఆమె ఫోను పక్కకు పెట్టి, "మీరు నోరు మూసుకోండి మామయ్యా, నేనిక్కడ పనిలో ఉన్నాను" అంది.

"పన్నెండున్నర" అంది తర్వాత.

లెక్కలాయన నా కళ్ళముందు కాగితం పెట్టాడు. ఇదే జోరైతే బోటు వచ్చేసరికి వీధిలో నాలుగడుగులు దాటుతుంది, దుకాణంలో మంచం మునిగిపోతుంది. పైకెక్కడానికి ఆమెకు రేకుల కప్పు తప్ప ఏమీ లేదు, ముసలాయన దాన్ని ఎక్కలేడు. ఉంటే పోతారు. కదలాలంటే ఇప్పుడే.

కానీ నీళ్ళు ఎంత లోతో తెలిస్తే చాలదు, ఎంత వడిగా ఉన్నాయో తెలియాలి. నాకు తెలియదు. నేను కుర్చీ మనిషిని. లెక్కలాయన వైర్‌లెస్ అందుకుని సరంగును పిలిచాడు. మా సరంగు ముప్పై ఏళ్ళుగా బోటు నడుపుతున్నాడు, మాట్లాడితే అరుపే.

"దారపు రీలుందా? ఉండక ఏమవుతుంది, దర్జీ కదా! నీళ్ళలో వేసి చూడమను. మనిషి నడిచి రీలును దాటగలిగితే వీధి దాటొచ్చు. రీలే మనిషిని దాటిపోతే గుమ్మంలోంచి కాలు బయటపెట్టొద్దను!"

చెప్పాను. ఆమె రీలు విసిరింది. పక్క దుకాణం మెట్లదాకా పది అంగలు, రీలు అక్కడికి చేరేదాకా లెక్క. "ఒకటి... రెండు... మూడు..." ఆమె పైకి లెక్కపెడుతోంది, గదిలో మేమంతా లోపల లెక్కపెడుతున్నాం. "ఎనిమిది" అంది.

"నడకే!" అని అరిచాడు సరంగు. "దాటొచ్చు. కానీ తాడు లేకుండా వద్దు. ఇంకో పావుగంట పోతే అది పరుగవుతుంది, అప్పుడు వద్దే వద్దు. త్వరగా!"

తాడెక్కడిది? "లైనింగు గుడ్డ తాను ఉంది, కొత్తది" అందామె. మూడు పేటలు చేసి మెలిపెట్టి తడపమని సరంగు చెప్పమన్నాడు. "మెలిపెట్టడం నాకు నేర్పుతున్నారా" అని కసిరింది. నాకు ఆ కసురు ఎంత నచ్చిందో చెప్పలేను. మా ఇద్దరికీ ఒకటే ముక్కు, ఒకటే కోపం.

తాడు అవతలి కొసను పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. కళ్ళజోళ్ళాయన పైన కిటికీలు మూసుకుని కూర్చున్నాడు, ఆమె ఎంత పిలిచినా వినిపించడం లేదు. వానచప్పుడు అలాంటిది. "ఆయన బోర్డు మీద నంబరుంది" అంది. అంకెలు చదువుతుంటే రాసుకోవడానికి నా చేతికి కాగితం అందలేదు. అప్పుడు మూల నుంచి డాక్టరమ్మ లేచి వచ్చింది. నిద్ర ఎలా పడుతోంది, సున్నా నుంచి పది వరకు అని అడిగే ఫారం వెనక నంబరు రాసుకుని, తన ఫోనులోంచి చేసింది. ఎత్తాడు.

"ఏమండీ, కిటికీ తియ్యండి. ఎదురింటి దర్జీగారు మీకు తాడు విసురుతారు. కొసకు కత్తెర కట్టి ఉంటుంది. తల జాగ్రత్త!" అంది డాక్టరమ్మ. వారం వారం అంత మెత్తగా మాట్లాడే మనిషి, ఆ గొంతు ఎక్కడ దాచుకుందో!

మొదటి విసురు నీళ్ళలో పడింది. రెండోది మెట్ల కమ్మీకి తగిలి జారింది. మూడోది కళ్ళజోళ్ళాయన భుజం మీదుగా పోయిందట, ఆయన కేక మాకు రెండు ఫోన్లలోనూ వినిపించింది. పట్టుకున్నాడు! మెట్ల స్తంభానికి రెండు చుట్లు చుట్టి కట్టాడు. ఈ కొసను ఆమె షట్టరు కమ్మీకి కట్టింది.

ఇక ముసలాయన. కత్తిరింపు బల్ల పైచెక్క తలుపంత ఉందట, కాళ్ళు విప్పితే ఊడి వస్తుందట. దాని మీద ఆయన్ను పడుకోబెట్టి తోసుకుంటూ వెళ్ళాలి. ఆయన ఒప్పుకోడు.

"నన్ను శవంలా బల్ల మీద తీసుకుపోతావా? నేనింకా చావలేదే!"

"అందుకే తీసుకెళ్తున్నాను మామయ్యా! చస్తే ఇక్కడే వదిలేద్దును!"

నేను పగలబడి నవ్వాను. పెద్దాయన వెనక నిలబడే ఉన్నాడు, నా చేతిలోంచి ఫోను లాక్కోవడానికి ఆయనకు ఒక్క క్షణం పట్టదు. లాక్కోలేదు. కుర్చీ వీపును మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

"పదహారున్నర" అంది దర్జీ. "మామయ్యను బల్ల మీదికి జరిపేశాను, ఇక వెళ్తున్నాను. ఫోను కవర్లో కట్టి నెత్తి మీద పెట్టుకుంటున్నాను. అక్కా, ఉంటారుగా?"

మేడమ్ కాదు, అక్కా. "ఉంటాను, ఎక్కడికీ పోను" అన్నాను.

తర్వాత నా ఫోనులో నీళ్ళ హోరు తప్ప ఏమీ లేదు. డాక్టరమ్మ తన ఫోను స్పీకరులో పెట్టింది. కళ్ళజోళ్ళాయన మెట్ల మీంచి చూసి చెప్తున్నాడు, అచ్చం ఆట మధ్యలో వ్యాఖ్యానంలా.

"దిగింది... నడుందాకా... కాదు కాదు, తొడలదాకా. బల్ల తేలుతోంది. ఆయన దాని మీద ఉన్నాడు. ఒక చేత్తో తాడు పట్టుకుంది... మూడంగలు... ఐదు... అయ్యో, బల్ల తిరిగిపోతోంది! తిరిగిపోతోంది!"

లెక్కలాయన పటం దగ్గర్నుంచి వచ్చి నా భుజం పట్టుకున్నాడు. నా చెవిలో హోరు పెరిగింది. ఎవరిదో కేక. నేను కళ్ళు మూసుకున్నాను. చంపేశాను అనుకున్నాను. మళ్ళీ చంపేశాను, ఈసారి నా సొంత తెలివితో.

"ఆయన నీళ్ళు తాగాడు... పట్టుకుంది! చొక్కా పట్టుకుంది! బల్ల మళ్ళీ తిన్నగా వచ్చింది. ముసలాయన ఆవిణ్ణి తిడుతున్నాడండీ, బండబూతులు!"

"తిడుతున్నాడా? అయితే బతికే ఉన్నాడు!" అని అరిచాడు లెక్కలాయన.

"పన్నెండు... నేను కిందికి దిగుతున్నాను, చెయ్యి ఇస్తున్నాను... అమ్మాయ్, ఇటు, ఇటు!" ఇక ఆయన ఫోను ఎక్కడ పెట్టాడో, దబదబమని చప్పుళ్ళు. అర నిమిషం. ఆ అర నిమిషంలో నేను ఎన్ని వరదలు చూశానో.

నా ఫోనులో కవరు విప్పుతున్న గరగర వినిపించింది. తర్వాత ఆయాసం. తర్వాత ఆమె.

"అక్కా. ఎక్కేశాం. ఇద్దరం ఎక్కేశాం."

ఏం చేశామో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను కుర్చీ ఎక్కి నిలబడ్డాను. లెక్కలాయన పటం మీది బిళ్ళలన్నీ కింద పడేశాడు. డాక్టరమ్మ నన్ను వాటేసుకుని, చదువుకున్నవాళ్ళు అనగూడని మాట ఒకటి అంది. వైర్‌లెస్‌లో సరంగు ఈల వేశాడు. అవతల దర్జీ, "తాడు కట్టేటప్పుడు నా కత్తెర జారి నీళ్ళలో పడిపోయిందట, పదేళ్ళ కత్తెర" అని ఏడుస్తూ నవ్వుతోంది. నాకు పది నెలలుగా ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి పక్కకు జరిగినట్టయింది. చెయ్యెత్తి ఆకాశాన్ని అందుకుంటానేమో అన్నంత సంతోషం.

దర్జీకి జాగ్రత్త చెప్పి ఫోను పెట్టి, ఆ ఊపులోనే పెద్దాయన వైపు తిరిగాను. నాలుక చివర మాట సిద్ధంగా ఉంది: చూశారా సార్, ఇదీ మీ మూడో వాక్యం! పది నెలలుగా దాచుకున్న కోపమంతా ఆ ఒక్క మాటలో పోసి ఆయన నెత్తిన కుమ్మరించేదాన్ని.

ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. గోడకు ఆనుకుని, మోకాళ్ళు పట్టుకుని.

"ఇరవై రెండేళ్ళయింది" అన్నాడు. ఎవరితోనో తెలియదు. "నాకు ఒక బడి పంతులు ఫోను చేశాడు. భార్య, ఇద్దరు పిల్లలు. బోటు లేదండీ అని నిజం చెప్పాను. చెప్పి పెట్టేశాను. అవతల ఇంకా ఫోన్లు మోగుతున్నాయి కదా. వాళ్ళు దూకారు, ఈదగలమనుకున్నారు. నిజం చెప్తే జనం చచ్చిపోతారని ఆవేళ నేర్చుకున్నాను. ఇంటికి వెళ్ళి మూడో వాక్యం రాశాను. మళ్ళీ ఫోను ముట్టలేదు."

ఆయన తలెత్తి నన్ను చూశాడు.

"నీళ్ళెంత ఉన్నాయని అడగాలని నాకు తట్టలేదు అమ్మాయ్. ఇరవై రెండేళ్ళు. ఒక్కసారీ తట్టలేదు."

నా నాలుక చివరి మాట ఎటు పోయిందో పోయింది. ఈయన మీద కోపం ఎందుకు అంత జాగ్రత్తగా పెంచుకున్నానో అప్పుడు తెలిసింది. ఈయన్ను తిట్టుకుంటున్నంతసేపూ నన్ను నేను చూసుకోనక్కరలేదు. కుర్చీ దిగి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"మీకు తట్టలేదు సార్. నాకైతే తట్టాల్సిన పని కూడా లేదు. పోయినేడు ఆ ఇస్త్రీ ఆయనే చెప్పాడు. మోకాళ్ళదాకా ఉన్నాయన్నాడు. ఎదురుగా మేడ ఉంది, వెళ్ళనా అని అడిగాడు. నన్ను అడిగాడు సార్. నేను వినలేదు. కాగితం చదివాను. సరేనమ్మా మీరు చెప్పారుగా అన్నాడు. నాకు చప్పట్లు కొట్టారు."

చెప్పేశాను. నలుగురిలో, పట్టపగలు. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఒళ్ళంతా వేడిగా ఉంది, పరుగెత్తి వచ్చినట్టు. డాక్టరమ్మ ఏమీ రాసుకోలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది, అంతే. పెద్దాయన నన్ను క్షమించలేదు, నేను ఆయన్ను క్షమించలేదు. అది మా చేతిలో ఉన్న పని కాదు. ఆ పంతులూ ఇస్త్రీ ఆయనా చెయ్యాల్సిన పని, వాళ్ళు లేరు.

ఫోను మోగింది.

ఇద్దరం ఒకేసారి చూశాం. నేను లేవబోయాను. పెద్దాయన గోడ పట్టుకుని నాకన్నా ముందు లేచాడు. "నువ్వు పక్కన ఉండు" అని నా కుర్చీలో కూర్చున్నాడు. ఆయన చెయ్యి ఫోను మీదికి వెళ్ళి ఆగింది. ఆ ఆగడం నాకు తెలుసు. తొందరపెట్టలేదు. రెండోసారి మోగింది, మూడోసారి మోగింది, ఎత్తాడు.

"నమస్కారమండీ. చెప్పండి." విన్నాడు. పటం వైపు చూశాడు. లెక్కలాయన నేల మీది బిళ్ళలేరుతూ అడ్డంగా తలూపాడు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు మా దగ్గర బోటు లేదమ్మా. ఏడవకండి. నేను ఫోను పెట్టెయ్యను. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పండి."